వంతెన కింద నుంచి

ఆ ఆదివారం వంజరం తలకాయ సాయిశంకర్ కంచంలో పడింది.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, దేవీప్రసాద్‌కి కడుపులో భగ్గుమంది. గాజువాకలో ఆటోనగర్ వెనక వీధిలో ఉన్న ఆ అత్తవారింట్లో ఒక పద్ధతి ఉంది. దేశం దాటి వచ్చిన అల్లుడికి మొదటి ఆదివారం వంజరం చేపల పులుసు పెట్టాలి. తలకాయ అతని కంచంలోనే వెయ్యాలి. మళ్ళీ దేశం దాటబోయే ముందు ఆదివారం కూడా అంతే. ఇదేమీ పెద్దల నాటి ఆచారం కాదు, అత్తగారు సన్యాసమ్మ సొంతంగా పెట్టుకున్నది. పెట్టుకున్ననాటికి ఆవిడకి దేశం దాటే అల్లుడు ఒక్కడే. అందుచేత ఇన్నేళ్ళూ ఆ తలకాయ దేవీప్రసాద్ సొత్తు. చిన్నల్లుడు సాయిశంకర్ తోకవైపు ముక్క నములుతూ, ‘తర్వాతేటైంది అన్నయ్యా’ అని అడుగుతూ ఉండేవాడు.

పద్ధతి ప్రకారం చూస్తే సన్యాసమ్మ చేసింది న్యాయమే. సాయిశంకర్ మొన్ననే ఇస్తాంబుల్ నుంచి దిగాడు, వెళ్ళే ముందు ఆదివారం షాపు హడావుడిలో భోజనానికి రానేలేదు. దేవీప్రసాద్ ఓడ దిగి రెండు నెలలు దాటింది, తన వంతు తలకాయ అప్పుడే తినేశాడు. న్యాయమని తెలిసిన కొద్దీ అతనికి మంట ఎక్కువైంది. అన్యాయమైతే కనీసం అలగొచ్చు.

దేవీప్రసాద్ సరుకు ఓడలో బోసన్. పాతకాలం వాళ్ళు సరంగు అంటారు, డెక్కు మీద పనిచేసే ఖలాసీలందరికీ మేస్త్రీ అన్నమాట. ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళ మీద, నాలుగు నెలలు సీతమ్మధార ఫ్లాటులో. ఆ నాలుగు నెలల్లోనూ అతను బతికేదంతా ఈ ఆదివారాల్లోనే. భోజనాలయ్యాక మామగారు గురునాథరావు తన పడక్కుర్చీ ఖాళీ చేసి చాప మీదకి దిగేవాడు. ఆయన పోర్టులో సరుకు ఎత్తే వించి నడిపి రిటైరైన మనిషి, ఊరికే ఎవరికీ కుర్చీ ఇచ్చే రకం కాదు. దేవీప్రసాద్ ఆ కుర్చీలో వెనక్కి వాలి ఊళ్ళు చెప్పేవాడు. కాలవలే వీధులైన ఊళ్ళు, కొండవాలుకి రంగురంగుల ఇళ్ళు అతుక్కున్న ఊళ్ళు, తెల్లార్లూ డోళ్ళు కొట్టుకుంటూ వీధుల్లో చిందులేసే ఊళ్ళు. ఇక వంతెనలైతే అతనే చెప్పాలి. అడుగున దూలాలు, వాటికి తుప్పు చారలు, సందుల్లో గూళ్ళు కట్టుకున్న పక్షులు, అన్నీ కళ్ళకి కట్టేవి.

గుమ్మానికి ఆనుకుని భార్య రాణి వింటూ ఉండేది. ఆమె అతనికి మేనమామ కూతురే, చిన్నప్పటినుంచీ ‘బావా’ అని పిలవడమే అలవాటు. అందరూ అతని నోటికేసి చూస్తుంటే అతను గుమ్మం వైపు చూసేవాడు. రాణి కళ్ళు పెద్దవైతే ఆ పూటకి ఆ ఊరు పండినట్టే.

ఇందులో ఒక్కటే చిక్కు. ఆ ఊళ్ళు వేటిలోనూ అతను కాలు పెట్టలేదు.

సరుకు ఓడలు ఊరి నడిబొడ్డుకి పోవు. ఊరికి ఎక్కడో అవతల, బొగ్గు గుట్టల పక్కన ఆగుతాయి. ఆగిన కాసేపూ బోసన్‌కి ఊపిరి సలపదు. తాళ్ళు బిగించాలి, సరుకు గదుల మూతలు తెరిపించాలి, కడిగించాలి, మళ్ళీ మూయించాలి. మధ్యలో ఒక పూట దొరికితే రేవు గేటు పక్కనే ఓడ పనివాళ్ళ కోసం సీమెన్స్ క్లబ్బు ఉంటుంది. అక్కడ వైఫై వస్తుంది, కాఫీ వస్తుంది, గోడ మీద ఆ ఊరి పోస్టరు ఉంటుంది. దేవీప్రసాద్ చెప్పిన ఊళ్ళన్నీ ఆ పోస్టర్లలోవే. పోస్టరులో లేనిది ఓడలో ఫిలిప్పీన్స్ వంటవాడు చెప్పింది. కావాలని మొదలుపెట్టిన అబద్ధం కాదది. కొత్త పెళ్ళికూతురు రాణి ‘ఆ ఊరెలాగుంటాది బావా’ అని అడిగినప్పుడు బొగ్గు గుట్టలు చెప్పబుద్ధి కాక పోస్టరు చెప్పాడు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఆ కళ్ళు చూశాక వెనక్కి రావడం అతని వల్ల కాలేదు.

ఇప్పుడు ఆ రాణి ఎదురుగానే, నిజంగా ఊరు చూసొచ్చిన మనిషి నోరు విప్పబోతున్నాడు. ఏ మాటకి తన అబద్ధం బద్దలవుతుందో తెలియదు. అదే జరిగితే తను ఏడాదికి నాలుగు నెలలు ఇంటికొచ్చి ఫ్యాను కింద పడుకునే మామూలు మొగుడు. అంతకుమించి తనలో ఏముందని రాణి ఎదురుచూడాలి?

పోనీ సాయిశంకర్ ఏమైనా సముద్రాలీదాడా అంటే అదీ లేదు. అతనికి ఆటోనగర్‌లో రంగుల షాపు. బాగా అమ్మిన డీలర్లని కంపెనీవాడు ఏటా పెళ్ళాలతో సహా ఏదో ఒక దేశం తిప్పుతాడు. సాయిశంకర్‌కి ఆ వంతు రావడం ఇదే మొదలు. గోడలకి వేసే రంగు అమ్మితే ఇస్తాంబుల్. ఇన్నేళ్ళు ఉప్పుగాలి తిన్నవాడికి సీమెన్స్ క్లబ్బు. దేవీప్రసాద్ ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నా ఒళ్ళు మండటం తప్ప వేరే జవాబు రాలేదు.

భోజనాలయ్యాయి. గురునాథరావు పడక్కుర్చీ లోంచి లేచాడు. అలవాటు కొద్దీ దేవీప్రసాద్ అటు ఒక అడుగు వేశాడు.

“కూకో బాబు సాయీ,” అన్నాడు మామగారు.

దేవీప్రసాద్ ఆ అడుగుని మంచినీళ్ళ బిందె వైపు తిప్పి, దాహం లేకపోయినా గ్లాసుడు నీళ్ళు తాగాడు. ఎవరూ గమనించలేదనుకున్నాడు. గుమ్మంలో రాణి గమనించింది.

సాయిశంకర్‌కి కథ చెప్పడం రాదు. దేవీప్రసాద్ ఆశంతా దానిమీదే ఉంది. రాదు గనక అతను తనకి తెలిసిన రంగులే చెప్పాడు.

“ఒక ఈది ఉన్నాది మావయ్యా, నిట్టనిలువుగా మెట్లు మెట్లుగా. ఇళ్ళన్నీ సెక్కవి. ఒక ఇల్లు పసుపు, మన బంతిపువ్వు రంగు కన్నా ఒక పిసరు ముదురు. పక్కది గులాబీ. దాని పక్కది ఇటికరంగు. ప్రైమర్ కొట్టకుండా ఏసీసినట్టున్నారు, పెచ్చులు లేసిపోతన్నాది. ఉండబట్టలేక నాను గోరుతో గీకి సూసాను. ఇటికరంగు కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ, దాని కింద సున్నం. తాతలూ ముత్తాతలూ ఏసిన రంగులు, ఒకదాని కింద ఒకటి అలాగే ఉన్నాయి.”

“ఓలమ్మ,” అంది సన్యాసమ్మ.

గోడ గీకి చూశాడట. ఇన్నేళ్ళలో దేవీప్రసాద్ ఊళ్ళలో ఒక్క గోడకీ పెచ్చు లేవలేదు. పోస్టరుని గీకితే కింద క్లబ్బు గోడ వస్తుంది.

“ఇంక పిల్లులు సూడాలి అన్నయ్యా. నీకు తెలీందేటుంది గానీ మావయ్యకి సెప్తన్నాను. షాపులో గల్లాపెట్టి మీద పిల్లి పడుకుంటే దాన్ని లేపరు. అది లేచేదాకా ఓనరే పక్కన నిలబడతాడు. నాను అడిగాను, బేరం పోదేటి అని. పోతే పోనీ అన్నాడు.”

గురునాథరావు పగలబడి నవ్వాడు. దేవీప్రసాద్ ఎంత గొప్పగా చెప్పినా ఆయన తలాడించేవాడే గానీ అలా నవ్వడం ఎన్నడూ లేదు. దేవీప్రసాద్ కూడా నవ్వాలి కాబట్టి నవ్వాడు. నవ్వుతుంటే దవడలు నొప్పెట్టాయి. ఆ పిల్లి మీద కూడా అసూయ పుట్టింది.

“అన్నట్టు అన్నయ్యా,” అన్నాడు సాయిశంకర్ కుర్చీలో ముందుకి వంగి, “నువ్వు సెప్పిన టీ కొట్టు కోసం ఎతికాం.”

ఆ టీ కొట్టు దేవీప్రసాద్ కథలన్నిటికీ మకుటం. ఇస్తాంబుల్‌లో ఒక పాత గుండ్రటి బురుజు, దాని వెనక సందులో ఒక టీ కొట్టు, అందులో ఒక ముసలాయన. నడుం సన్నగా ఉన్న చిన్న గాజు గ్లాసుల్లో టీ పోస్తాడు. మనది ఇండియా అని చెప్పగానే గుండెల మీద చెయ్యి పెట్టుకుని డబ్బులు వద్దంటాడు. వంటవాడికి జరిగిన సంగతి అది. దేవీప్రసాద్ అందులో ఫిలిప్పీన్స్ తీసి ఇండియా పెట్టి, తనకి జరిగినట్టు చెప్పి చెప్పి, ఆ టీ రుచి కూడా నాలిక మీదకి తెచ్చుకున్నాడు.

“గైడుని వదిలీసి, బస్సు వదిలీసి, ఆ సుట్టుపట్ల సందులన్నీ తిరిగాం. పుష్ప కాళ్ళు బొబ్బలెక్కిపోనాయి. ఎవుల్నడిగినా తెలీదన్నారు.” సాయిశంకర్ గొంతులో వెటకారం లేదు. దొరకనందుకు తప్పు తనదేనన్నట్టు చెప్పాడు. అదింకా ఘోరంగా ఉంది.

“పెద్దాయన కదా, పోయుంటాడు,” అన్నాడు దేవీప్రసాద్.

“మేమూ అదే అనుకున్నాం బావా,” అంది పుష్ప. సాయిశంకర్ పెళ్ళాం, రాణికి చెల్లెలు. అనేసి, నవ్వీ నవ్వనట్టు అక్క వైపు చూసింది. చిన్నప్పటినుంచీ బావ కథలు విని అక్క అదృష్టానికి కుళ్ళుకున్న పిల్ల అది. ఇవాళ దాని రోజు.

పుష్ప ఫోను తీసి అందరి మధ్యలో పెట్టింది. రెండు ఖండాలని కలిపే పెద్ద వంతెన మీద బస్సు ట్రాఫిక్‌లో ఆగిపోతే కిటికీ లోంచి తీసిన వీడియో. ఎక్కడో అడుగున నీలం నీళ్ళు, ఒడ్డు వెంబడి మేడలు, మసీదుల గుమ్మటాలు. నీళ్ళ మీద ఎర్ర అడుగుతో ఒక సరుకు ఓడ వంతెన కిందకి దూరుతోంది.

“ఇదిగో, బావ ఓడ,” అంది పుష్ప. “అగ్గిపెట్టంత ఉన్నాది.”

దేవీప్రసాద్ వంగి చూశాడు. ఓడ ముక్కు దగ్గర నారింజరంగు చుక్క ఒకటి ఉంది. పని దుస్తుల్లో ఉన్న మనిషి. ఆ చుక్క ఏం చేస్తోందో ఈ గదిలో అతనికొక్కడికే తెలుసు. మెడ వెనక్కి విరిచి పైకి చూస్తోంది. తలమీదుగా వంతెన కడుపు మెల్లగా జరిగిపోతుంటే, పైన వెళ్ళే బస్సుల్లో ఎవరున్నారో, దిగి ఏ వీధిలోకి వెళ్తారో అనుకుంటోంది. ఇన్నాళ్ళకి తను పైనుంచి ఎలా కనిపిస్తాడో చూశాడు. అదీ మరదలి ఫోనులో. ఆ ఫోను తీసి బిందెలో పడేయాలన్నంత కోపం వచ్చింది.

రాణి గుమ్మం వదిలి వచ్చి చాప మీద కూర్చుంది. “ఆ ముందర నిలబడ్డాయన ఏటి సేత్తన్నాడు నాన్నా?”

గురునాథరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. తనకి తెలిసిన సంగతి ఇన్నాళ్ళకి ఒకటి వచ్చింది. “లంగరు కాడ సరంగు. ఇరుకు దారిలో ఓడ ఎల్తన్నంతసేపూ సరంగు అక్కడే ఉండాల. ఇంజను ఆగిపోనాదనుకో, ఎంటనే లంగరు ఒదలాల కదా. నీళ్ళు తాగడానికైనా కదలకూడదు. మన ప్రసాదు ఉజ్జోగమే అది.”

“అక్కడ ఓడ ఆగదేటి?”

“అక్కడ సరుకు లేకపోతే ఎందుకాగుతాది? ఎనకా ముందూ ఓడలు. అలా దాటీసి సరుకున్న రేవుకి పోడమే.”

దేవీప్రసాద్ నేల వైపు చూస్తున్నాడు. రాణి వీడియో మళ్ళీ మొదటినుంచి పెట్టుకుని చూసి, ఫోను చెల్లెలికిచ్చేసి, గిన్నెలు సర్దడానికి లేచింది.

సాయంత్రం స్కూటరు మీద ఇంటికి బయల్దేరారు. మామూలుగా రాణి అతని భుజం మీద చెయ్యి వేసి, ఆ పూట విన్న ఊరి గురించి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. ఇవాళ చెయ్యి వెనక రాడ్డు మీద ఉంది. దేవీప్రసాద్ సాయిశంకర్‌ని, రంగుల కంపెనీని, టర్కీ దేశాన్ని మనసులో తిట్టుకుంటూ నడిపాడు. ఎన్ఏడీ కొత్తరోడ్డు ఫ్లైఓవరు దగ్గరపడింది.

“పైకెక్కకు. కింద నుంచి పోనీ,” అంది రాణి.

కిందకి పోనిచ్చాడు.

“ఇక్కడ ఆపు.”

ఆపాడు. స్తంభాల మధ్య కొబ్బరిబోండాల బండి ఒకటి, ఆగి ఉన్న ఆటోలు, పైన వెళ్ళే లారీల దడదడ. రాణి స్కూటరు దిగి, మెడ వెనక్కి విరిచి ఫ్లైఓవరు అడుగుభాగం చూసింది. చాలాసేపు చూసింది. దేవీప్రసాద్‌కి ఇక దాక్కోడానికి చోటు లేదని అర్థమైంది.

“నువ్వు సెప్పిన బ్రిడ్జీలన్నీ ఇలాగే ఉంటాయి బావా,” అంది. “తుప్పు, దూలాలు, పిట్టల గూళ్ళు. ఒక్కదాని మీంచైనా నువ్వు కిందకి సూసినట్టు సెప్పలేదు. నాకిన్నాళ్ళూ తట్టలేదు. ఇందాకా పుష్ప ఫోన్లో సూసీసరికి తట్టింది.”

అతను స్కూటరు తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

“ఇంకోటి కూడా తట్టింది. ప్రతి రేవు నుంచీ నాకు ఫోన్ సేసేవోడివి. గంటా గంటన్నర మాటాడేవోడివి. హాస్టల్లో మన గుంటడి సదువు, నీళ్ళ మోటారు, పక్కింటోళ్ళ గొడవ, అన్నీ ఇనీవోడివి. నాకు దొరికింది ఈ పూటొక్కటే అనేవోడివి కూడాను. మరి ఊరు తిరగడం ఎప్పుడు?”

“క్లబ్బులో,” అన్నాడు దేవీప్రసాద్. “గేటు పక్కనే ఒక గది. గోడకి ఊరి బొమ్మ ఉంటాది. దాని కింద కూకుని నీకు ఫోన్ సేసేవోణ్ణి.”

తిట్లు పడతాయనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. రాణి భుజాలు కదిలాయి, నిజంగా ఏడుస్తోందనే అనుకున్నాడు. తీరా చూస్తే నవ్వుతోంది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, స్తంభానికి ఆనుకుని, ఆగలేక నవ్వుతోంది. బోండాల బండివాడు కత్తి ఆపి చూశాడు.

“నవ్వుతావేటి?”

“నీకు తెలీదు బావా.” ఆమె కళ్ళు తుడుచుకుంది. “ఫోను పెట్టీసాక నాను సింకు కాడ నిలబడి ఏడిసేదాన్ని. మా బావ ఇప్పుడు ఏ ఈదిలో తిరుగుతన్నాడో, ఏ మేడలు సూత్తన్నాడో, నానిక్కడ గిన్నెలు తోముతన్నాను అనీసి. ఆదివారం నువ్వు ఊళ్ళు సెప్తావుంటే నాకు లోపల మండిపోయేది. ఒక్కసారైనా నన్ను తీసికెల్తానన్నావా అని. తెల్లారితే మళ్ళీ పక్కింటోళ్ళకి గొప్పగా సెప్పుకునేదాన్ని, అది వేరు.”

“మరి కళ్ళు అంత పెద్దవి సేసుకుని ఇనీదానివి?”

“కుళ్ళుతో బావా. కుళ్ళొత్తే కళ్ళు పెద్దవవ్వవేటి?”

దేవీప్రసాద్ స్కూటరు సీటు మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళుగా అతను ఏ కళ్ళ కోసం ఊళ్ళు కట్టాడో ఆ కళ్ళల్లో ఉన్నది మెచ్చుకోలు కాదు. మధ్యాహ్నం నుంచి తన కడుపులో రగులుతున్న మంటే అది. ఒక్క పూటకే తన వల్ల కాలేదు, ఈ మనిషి ఇన్నేళ్ళు మోసింది. సాయిశంకర్ మీద కోపం ఎటుపోయిందో తెలియలేదు. తన మీద తనకే జాలేసింది, ఆమె మీద ఇంకా ఎక్కువ జాలేసింది. ఆమె మాత్రం నెత్తిమీద బరువు దించుకున్న దానిలా ఉంది.

“అయితే నువ్వూ ఎక్కడికీ ఎల్లలేదన్నమాట,” అంది, ఎంతో తృప్తిగా.

“ఎక్కడికీ ఎల్లలేదు.”

“సరే. ఆ బ్రిడ్జి కిందనుంచి ఎల్తంటే ఏటి కనిపిస్తాదో సెప్పు. పోస్టరు ఒద్దు.”

చెప్పాడు. తెల్లారుజామున చలిలో లంగరు గొలుసు పట్టుకుంటే చేతి తొడుగుల్లోంచి కూడా ఎలా కొరుకుతుందో చెప్పాడు. ఒడ్డు ఎంత దగ్గరగా జరుగుతుందంటే, ఒక మేడలో వంటింటి దీపం వెలిగించిన ఆడమనిషి కనిపించిందని, ఆవిడ టీ పెట్టుకుంటోందని, ఆ వాసన వస్తుందేమోనని గాలి పీల్చాడని, డీజిల్ వాసనే వచ్చిందని చెప్పాడు. ఇందులో గొప్ప ఏమీ లేదు. రాణి కళ్ళు పెద్దవి కాలేదు. కానీ స్కూటరు ఎక్కాక చెయ్యి భుజం మీదకి వచ్చింది.

“ఇదెవులికీ సెప్పకు,” అంది, స్కూటరు కదిలాక. “ముఖ్యంగా పుష్పకి.”

“సెప్పను.”

“ఎతుక్కోనీ ఆ టీ కొట్టు.”

నెల తిరక్కుండానే ఓడ కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. దేవీప్రసాద్ ప్రయాణానికి ముందు ఆదివారం సన్యాసమ్మ మళ్ళీ వంజరం తెప్పించింది. పద్ధతి ప్రకారం తలకాయ ఈసారి అతనిది. ఆ ధీమాతో కంచం ముందు కూర్చున్నాడు. ఎదురుగా రాణి, పక్కనే పుష్ప.

“బావా, ఆ టీ కొట్టు గూగుల్లో కూడా లేదు,” అంది పుష్ప. అడుగుతున్నట్టు లేదు, పట్టుకున్నట్టు ఉంది.

దేవీప్రసాద్ నోరు తెరిచే లోపలే రాణి అందుకుంది.

“గూగుల్లో ఎందుకుంటాదే? దానికి బోర్డుంటే కదా. బురుజుకి ఎడంపక్క కాదు, ఎనకవైపు, సెప్పులు కుట్టేవోడి పక్కన నీలం తలుపు. పెచ్చులు లేసిపోయి కింద ఆకుపచ్చ కనిపిస్తా ఉంటాది. బావ ఎల్లినప్పుడు గుమ్మంలో పిల్లి పడుకునున్నాది. ముసలాయన దాన్ని లేపనీలేదు. బావని దాటుకుని రమ్మన్నాడు. గ్లాసు వేడికి కాలతాదని తన జేబురుమాలు చుట్టి ఇచ్చాడు. మీరు పగలెల్లుంటారు. ఆయన తెల్లారకుండా తెరిచి, ఎండెక్కీసరికి కట్టీస్తాడు.”

పుష్ప మొహం వాడిపోయింది. “అయ్యో, మేం పగలే ఎల్లాం,” అన్నాడు సాయిశంకర్ బాధగా. గురునాథరావు తినడం ఆపేశాడు. “అప్పుడేటైందమ్మా?” అని అడిగాడు.

రాణి చెప్తోంది. నీలం తలుపు సంగతి దేవీప్రసాద్ ఎన్నడూ చెప్పలేదు. చెప్పులు కుట్టేవాడు లేడు, జేబురుమాలు లేదు. ఆమె చేతులు గాల్లో గ్లాసు పట్టుకుంటున్నాయి, పిల్లిని దాటుతూ దాని మీద చీర కుచ్చెళ్ళు పడకుండా ఎత్తిపట్టుకుంటున్నాయి. అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. తన కొట్టు, తన ముసలాయన, ఇంత బాగా తను ఒక్కనాడూ చెప్పలేదే అని దేవీప్రసాద్‌కి లోపల చురుక్కుమంది.

సన్యాసమ్మ పులుసు గిన్నెతో వచ్చింది. గరిటెతో తలకాయ ఎత్తి, కథ వింటూ వింటూ, చెప్తున్న మనిషి కంచంలో వేసేసింది.

రాణికి పాస్‌పోర్టు కూడా లేదు.